ఉన్న ఊరి ఋతువే మన ఋతువు

మన తెలుగు సంఘముల వార్షికోత్సవములలో తప్పక వినవచ్చు వాక్యమొకటి కలదు. "పరదేశమున నివసించుచున్నను మనము తెలుగుదనమును విడువలేదు" అనునది ఆ వాక్యము. వక్త ఎవరైనను, అధ్యక్షుడెవరైనను, ఈ మాట పలికినంతనే కరతాళధ్వనులు మ్రోగును. ఇందలి రెండవ సగము నిజమా కాదా యని ఏటేట చర్చలు జరుగుచునే యున్నవి. మొదటి సగమును ప్రశ్నించినవారిని మాత్రము మేము చూడలేదు. మూడువందలు, నాలుగువందల యేండ్లుగా మనవారు కాపురము చేసిన నేల పరదేశమెట్లగును? ఏ మట్టిలో మన తాతముత్తాతల బూడిద కలిసినదో, ఏ బావినీటితో మన యిండ్ల పురిటిస్నానములు జరిగినవో, ఆ మట్టిని, ఆ నీటిని పరాయివని పిలుచుటకు నోరెట్లు వచ్చును? "ఉన్న ఊరు కన్నతల్లి" యని మన పెద్దలు చెప్పిరి. విడిచి వచ్చిన ఊరని వారు చెప్పలేదు.

ఈ వ్యాసమున మా వాదము ఒక్కటే. తాను నివసించు తావున వాన ఎప్పుడు వచ్చునో, గాలి ఎటు తిరుగునో, ఏ చెట్టు ఏ నెలలో పూచునో తన భాషలో చెప్పుకొనజాలనివాడు, ఆ భాషను బహుకాలము నిలుపుకొనజాలడు. మనలో అనేకులు తెలుగుదనమును కృష్ణాగోదావరుల ఒడ్డునుండి మూటగట్టి తెప్పించుకొను సరకుగా భావించుచున్నారు. ఆ భావన వలన భాషకును, బ్రదుకునకును, ఉన్న ఊరికిని కీడు కలుగుచున్నది. మేము పండితులము కాము. పదవ తరగతితో చదువు ముగించి, తమిళనాట మధురకు దక్షిణమున తాలూకా కచేరీలలో గుమాస్తాపని చేసి విరమించినవారము. మా కంటికి కనబడినదియు, మా చేతితో దస్త్రములలో వ్రాసినదియు ఆధారముగా చెప్పుచున్నాము. తప్పున్నచో పెద్దలు ఖండింతురు గాక.

మొదట ఉగాదిని తీసికొందము. వేపపువ్వు, క్రొత్త చింతపండు, క్రొత్త బెల్లము, మామిడిపిందె, ఇవి ఉగాదిపచ్చడికి వలయు వస్తువులు. మన పూర్వులు వీనిని ఏల ఎన్నుకొనిరి? ఆ దినములలో ఊరిలో దొరకునవి అవియే కనుక. వేప పూచినదని ముక్కు చెప్పును; మామిడి పిందె పట్టినదని కన్ను చెప్పును; చెట్టునుండి దులిపిన చింతపండు అప్పుడే కుండలకెక్కును. పచ్చడి యనునది ఆ ఋతువును నాలుకపై పెట్టుకొనుట. నేడు మన పట్టణములలో జరుగుచున్నదేమి? వీధిమొగలోని వేపచెట్టును కార్లు నిలుపుటకు అడ్డమని కొట్టించి, ఎండబెట్టిన వేపపువ్వు పొట్లమును దూరపు ఊరినుండి తెప్పించుకొనుచున్నాము. ఆ పొట్లములోని పువ్వు ఏ సంవత్సరము పూచినదో ఎవ్వరికి తెలియును? ఇట్టి పచ్చడి తిని, సంప్రదాయము నిలిచినదని సంతోషించుట మనలను మనమే మోసపుచ్చుకొనుట.

ఇక కార్తిక వనభోజనములు. ఇవి మఱింత విచిత్రముగా నున్నవి. ఆంధ్ర తెలంగాణములలో కార్తికమాసము, తుపాను పట్టిన యేడు తప్ప, వానలు వెనుకబడి ఆకాశము తేటపడు కాలము. తోటలో ఉసిరిచెట్టు నీడన కూర్చుండి భుజించుటకు అంతకంటె మంచి ఋతువు లేదు. తమిళనాట అదే మాసము నట్టవానకాలము. అయినను మన సంఘములు ఆ నెలలోనే వనభోజనము జరుపవలెనని పట్టుబట్టును. ఆ దినమున జడివాన కురియును. అంతట కల్యాణమండపము బాడుగకు తీసికొని, ఉసిరికొమ్మ నొకదానిని పూలతొట్టిలో గ్రుచ్చి, విద్యుద్దీపముల క్రింద బల్లలమీద భోజనము చేసి, దానికి వనభోజనమని పేరు పెట్టుచున్నాము. అక్కడ వనమేది? మన పొరుగున నున్న తమిళులు సంక్రాంతి మఱునాళ్ళలో, కాణుం పొంగల్ దినమున, అన్నపుమూటలు కట్టుకొని ఏటియొడ్డులకును తోపులకును పోవుదురు. అప్పటికి వాన వెలసియుండును, చెఱువు నిండియుండును, గట్టుమీద పచ్చిక యుండును. కార్తికమున ఉసిరికి ఇంట పూజచేసి, వనభోజనమును ముక్కనుమ నాటికి పెట్టుకొన్నచో ఏ ధర్మము చెడును? చెడదు సరికదా, పంక్తిలో పొరుగువాడును వచ్చి కూర్చుండును.

ఇచ్చట వానలెక్క చెప్పవలసియున్నది. తాలూకా కచేరీ ఆవరణమున వర్షమాపకము నిలిపియుండును. ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నర గంటలకు దానిలోని నీటిని గాజు కొలపాత్రలో పోసి, మిల్లీమీటర్లలో చూచి, పుస్తకమున వ్రాయవలెను. ఆ పనిని మేము అనేక సంవత్సరములు చేసితిమి. ఆ పుస్తకమును తిరుగవేసినవారికి ఏ పంచాంగమును చెప్పని సత్యమొకటి బోధపడును. ఆంధ్ర తెలంగాణములకు ప్రాణమైన జూన్, జూలై మాసముల పుటలు మా సీమలో సున్నలతోను చిన్న అంకెలతోను నిండియుండును. అక్టోబరు, నవంబరు పుటలలో అంకెలు బలియును. తెలంగాణమున సాలువానలో ముప్పాతికకు పైగా జూన్, సెప్టెంబరుల నడుమ నైరుతిగాలితో వచ్చును. తమిళనాట సాలువానలో సగమునకు దగ్గరగా అక్టోబరు, డిసెంబరుల నడుమ ఈశాన్యపుగాలితో వచ్చును. ఈశాన్యపు వాన సాధారణముగా అక్టోబరు 20వ తేదీ ప్రాంతమున ప్రారంభమగును. జ్యేష్ఠ పూర్ణిమ నాడు ఏరువాక సాగుట తెలుగువారి ఆచారము. కోవిలపట్టి నల్లరేగడిలో ఆ పూర్ణిమ నాడు అరక కట్టువాడు దుమ్ము దున్నును గాని నేల దున్నడు. శెంకోట్టై కనుమనుండి వీచు గాలి ఆ నెలలో మట్టిని ఎగురగొట్టుచుండును. కయత్తారు చుట్టుపట్ల గాలిమరలు నిలిపినవారు ఆ సంగతి ఎఱిగియే నిలిపిరి. మనమే ఎఱుగము.

ఇచ్చట శాస్త్రాభిమానులు లేచి, "తిథి చంద్రుని బట్టి యుండును, చంద్రుడు అందఱికి ఒక్కడే, ఊరిని బట్టి శాస్త్రము మాఱునా?" యని అడుగుదురు. మాఱునని శాస్త్రమే చెప్పుచున్నది. పంచాంగమున దినము సూర్యోదయముతో మొదలగును. సూర్యోదయము ఊరూరికి వేఱు. జూన్ నెలలో మధురయందు సూర్యుడు విజయవాడకంటె సుమారు 20 నిముషములు ఆలస్యముగా ఉదయించును. డిసెంబరులో రెండు ఊళ్ళకును ఇంచుమించు ఒకే వేళ. రాహుకాలము పగటికాలములో ఎనిమిదవ వంతు గనుక పగలు పొడవైనచో అదియు పొడవగును. అట్లయినచో విజయవాడకు గణించిన క్యాలెండరును మధుర గోడకు తగిలించి, అందలి నిముషములను వేదవాక్యముగా పట్టుకొని శుభకార్యములు నిర్ణయించుట శాస్త్రమా? అది శాస్త్రమును చదువకుండ దానికి మ్రొక్కుట. దేశాంతరసంస్కారము చేయుమని గణితమెఱిగిన ప్రతి సిద్ధాంతియు చెప్పును.

మఱియొక మాట. ఆంధ్రదేశమునందే ఋతువు ఒక్కటి కాదు. నెల్లూరు సీమకు ఈశాన్యపు వానలే ముఖ్యము. నేలపట్టు చెఱువున గూడబాతులు గూళ్ళు కట్టుట ఆ వానలు చెఱువును నింపిన తరువాతనే. నెల్లూరు రైతు శ్రీకాకుళపు రైతును చూచి విత్తడు. అందువలన అతని తెలుగుదనమునకు లోపము వచ్చినదని ఎవ్వరును అనరు. నెల్లూరివానికి గల స్వాతంత్ర్యము సాత్తూరు తెలుగువానికి ఏల లేదు?

పరిష్కారము బయటినుండి తెచ్చుకొనవలసిన పనియు లేదు. అది మన భాషలోనే యున్నది. దాని పేరు కార్తె. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున సంచరించు పదుమూడు, పదునాలుగు దినములకు ఆ నక్షత్రము పేరు పెట్టి, సంవత్సరమును ఇరువదియేడు కార్తెలుగా మన కర్షకులు విభజించిరి. తిథులవలె కార్తెలు ఏటేట ముందువెనుకలు కావు. మృగశిర జూన్ మొదటి వారపు చివరను, చిత్త అక్టోబరు పదవ తేదీ ప్రాంతమున, స్వాతి అక్టోబరు నాలుగవ వారమున తప్పక వచ్చును. తమిళుల మాసములును, ఒడియాల సంక్రమణములును సూర్యుని బట్టియే కనుక, పొరుగువాని నెలతో మన కార్తె చక్కగా జతగూడును. కార్తెల పేర్లు మనవి. వానిలో చేయవలసిన పని ఉన్న ఊరిది. ఆంధ్రదేశమున వానకాలపు పైరునకు హస్త, చిత్త కార్తెలు మిక్కిలి ఆలస్యము. మా నల్లరేగడిలో పత్తికిని, జొన్నకును, సజ్జకును అదే అదను. కావున మృగశిర ఆంధ్రులకు ఎట్టిదో, స్వాతి మాకు అట్టిది. "రోహిణి కార్తెలో రోళ్ళు పగులును" అను సామెతను మన బిడ్డలు బడిలో వల్లించుచున్నారు. తమిళనాట అగ్నినక్షత్రమని పిలుచు తీవ్రపుటెండలు మే మొదటి వారముననే ప్రారంభమై, రోహిణి వచ్చుసరికి ముగింపునకు వచ్చును. సామెతను విడువుమని మేము చెప్పము. దానిప్రక్కన మన ఊరి సామెత నొకటి పుట్టింపుమని చెప్పుచున్నాము. నాలుగువందల యేండ్లలో ఒక్క సామెతనైనను ఈ నేలపై పుట్టింపలేనివారము ఇచ్చట నివసించితిమా, బస చేసితిమా?

మన పూర్వులు బస చేసినవారు కారు. 1529లో విశ్వనాథనాయకుడు మధుర రాజ్యమును స్థాపించినది మొదలు, అంతకుముందు విజయనగర సేనల వెంటను, తరువాత కఱవులకును కలతలకును తాళలేకయు, తెలుగు కుటుంబములు దక్షిణమునకు తరలివచ్చినవి. తామ్రపర్ణి వంటి నదుల ప్రక్కనున్న మాగాణి అప్పటికే ఇతరుల సాగులో నుండెను. మనవారిలో పెక్కురకు దక్కినది ముండ్లకంప పెరిగిన నల్లరేగడి. అది తడిసినచో కాలు పట్టుకొనును. ఎండినచో నోరు తెఱచును. ఆ నేలను సాగులోనికి తెచ్చినవారు కృష్ణాతీరపు పద్ధతినే పట్టుకొని కూర్చున్నచో మొదటి యేడే ఆకలితో మడిసియుందురు. వారు ఇచ్చటి గాలిని చూచి నేర్చుకొనిరి. ఇచ్చటి కాపును అడిగి తెలిసికొనిరి. కరుంగణ్ణి పత్తిని పండించిరి. పదును చూచి దున్నిరి, అదను చూచి విత్తిరి. ఇంట తెలుగు మాటలాడుచు, బయట తమిళము పలుకుచు, రెండు భాషలలోను ఒకే ఆకాశమును చదివిరి. తెలుగు ఇన్ని తరములు నిలిచినది అందువలననే. పొలములో పని తెలుగులో జరుగుచుండగా భాషకు వేఱే సంఘము అక్కఱ లేకపోయెను.

ఉన్న నేలను ప్రేమించిన తెలుగు చిన్నబోదనుటకు గొప్ప ప్రమాణము కావలెనన్న త్యాగరాజస్వామి యున్నారు. 1767 మొదలు 1847 వఱకు జీవించిన ఆ మహానుభావుడు తమిళదేశమునందే పుట్టి, తిరువయ్యారులో కావేరి యొడ్డున కాలము గడిపెను. ఆయన పూర్వులు ఆంధ్రదేశమునుండి వచ్చిన కాకర్ల వంశమువారు. ఆయన తెలుగున పాడెను. తన కన్నుల యెదుట పాఱుచున్న కావేరి సొగసును అసావేరి రాగకీర్తనలో వర్ణించెను. తాతలనాటి నదిని తలచుకొని కన్నీరు కార్చుచు కూర్చుండలేదు. ఆ కీర్తన వలన తెలుగునకు తఱుగు కలిగినదా, పెరుగు కలిగినదా?

మా కాలముననే మఱియొక నిదర్శనము కలదు. కోవిలపట్టి దగ్గఱ ఇడైచెవల్ గ్రామమున తెలుగు మాటలాడు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్, 2021లో మరణించువఱకు, నల్లరేగడి సీమ వాననుగూర్చియు, గాలినిగూర్చియు, మనుష్యులనుగూర్చియు తమిళమున వ్రాసెను. ఆ సీమలోని తెలుగువారి వలసకథయే ఆయన నవలలకు ఆధారము. "గోపల్లపురత్తు మక్కళ్" అను నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారము లభించినది. ఆ సీమ మాటలకు ఆయన నిఘంటువునే కూర్చెను. తమిళులు ఆయనను నెత్తిన పెట్టుకొనిరి, అది న్యాయమే. కాని తెలుగు సంఘములు తమ ఊరి నేలను తెలుగున వర్ణించిన గ్రంథములు ఎన్ని వెలువరించినవి? ప్రత్యేక సంచికలలో గోదావరిపై వ్యాసము లేని సంచిక యుండదు. వైప్పారుపై వ్యాసమున్న సంచికను మేము చూడలేదు.

ఇది తమిళనాటి సంగతి మాత్రమే కాదు. కన్నడదేశమున మనవారికి ఏరువాక పూర్ణిమయే కార హుణ్ణిమె. పొరుగువాడును అదే దినమున ఎద్దుల కొమ్ములకు రంగు పూయును. ఆ కలయికను అచ్చటి సంఘములు ఎంత సద్వినియోగపఱచినవి? మహారాష్ట్రమున ఎద్దుల పండుగ శ్రావణ అమావాస్యకు పోళా పేరిట వచ్చును. సోలాపురపు జొన్న అచ్చటి సెప్టెంబరు వానల తడిని నమ్ముకొని రబీలో విత్తబడును. ఒడిసాలో మిథున సంక్రమణమునకు రజో పండుగ. ఆ మూడు దినములు భూదేవి విశ్రాంతి గొనునని నాగలి దింపరు. తొలకరికి నేలను గౌరవించు అంత చక్కని ఆచారము తమ యెదుటనుండగా, దానిని పరాయివారి పండుగయని చూచి ఊరకుండువారు మనలో కలరు. బ్రహ్మపురము ప్రాంతమువారికి 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపానును, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానును వచ్చినవి. రెండును చిత్త కార్తె ప్రవేశించు దినములలోనివే. చిత్త వచ్చుచున్నదనగా ఇంటికప్పు చూచుకొనుమను హెచ్చరికను ఆ సీమ తెలుగు ఇల్లాలు తన బిడ్డకు చెప్పవలెను గదా! యానామువారికి గౌతమి గడపలోనే యున్నది. 2022 జూలైలో ఆ గోదావరియే వరదయై యానాము వీధులలోనికి వచ్చెను. నదిని హారతిపళ్ళెముతో మాత్రమే ఎఱుగుట చాలదనియు, దాని కొలతతో ఎఱుగవలెననియు అది నేర్పిన పాఠము.

ఇప్పుడు అసలు కీడునకు వచ్చుచున్నాము. అతిథి ఇల్లు ఊడ్చునా? ఊడ్వడు. తన్ను తాను అతిథినని తలచువాడు చెఱువు పూడినను పట్టించుకొనడు. "మనకేల, ఇది వారి ఊరు" అనును. తమిళనాట 39 వేలకు పైగా చెఱువులు కలవు. ఈశాన్యపు వాన రెండు నెలలలో కుమ్మరించి పోవునది కనుక, దానిని పది నెలలకు దాచుటకు పూర్వులు చేసిన ఏర్పాటది. వానిలో పెక్కింటిని త్రవ్వించుటలో, తూములు కట్టించుటలో నాయక రాజులకును, పాళెగాండ్రకును, మన కాపులకును భాగమున్నది. నేడు కాలువలు ఆక్రమింపబడి, గట్లు గండ్లు పడినవి. 2023 డిసెంబరు 17, 18 తేదీలలో తిరునల్వేలి, తూత్తుకుడి మండలములలో కుండపోత కురిసెను. కాయల్పట్టణమున ఒక్క దినములో 94 సెంటీమీటర్లకు పైగా కురిసినది. చెఱువులు తెగినవి, శ్రీవైకుంఠము స్టేషనులో రైలు ప్రయాణికులతో సహా చిక్కుకొనిపోయెను. ఆ వాన మిక్కిలి అసాధారణమైనది, నిజమే. కాని కాలువ నోరు మూసికొనియుండగా వాననే నిందించి లాభమేమి? బెంగుళూరులో ధర్మాంబుధి చెఱువు బస్సుల నిలయమైనది. సంపంగి చెఱువు క్రీడారంగమైనది. ఆ నగరమే 2022 సెప్టెంబరులో నీట మునిగి, 2024 వేసవిలో నీటికై వాచినది. తెలుగువారు ఆ నగరమున వేలు కాదు, లక్షలున్నారు. చెఱువు పోవునప్పుడు తెలుగు సంఘముగా ఎవరైన నోరు విప్పిరా? వరద వచ్చినప్పుడు నీరు మన గుమ్మమెదుట నిలిచి, "మీరు అతిథులు గదా" యని వెనుదిరిగినదా?

"మేము పట్టణవాసులము, జీతముపై బ్రదుకువారము, మాకు సెంటు భూమి లేదు, కార్తెలతో మాకేమి పని?" యని మఱికొందఱు అడుగుదురు. వారికి మా కచేరీ అనుభవముతో సమాధానము చెప్పుదుము. రెవెన్యూ శాఖలో సంవత్సరమునకు ఫసలీ యని పేరు. ఫసల్ అనగా పంట. అక్బరు కాలమున పుట్టిన ఆ లెక్క మా దస్త్రములలో జూలై 1న మొదలై జూన్ 30న ముగియును. ఫసలీ అంకెకు 590 కలిపినచో అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరము వచ్చును. అడంగలులో ఏ సర్వే నంబరులో ఏ పైరు, ఏ నీటి ఆధారము అని వ్రాయకున్నచో జమాబందీలో గుమాస్తాకు మాట పడును. కుర్చీలో కూర్చుండి సిరాతో పనిచేయు ప్రభుత్వమే పంటను బట్టి సంవత్సరమును లెక్కించినది. జీతగాడు తిను అన్నమునకు ఋతువు లేదా? అతని కుళాయికి చెఱువుతో సంబంధము లేదా? ఐప్పసి నెలలో దోమలు, మాసి నెలలో బావి అడుగు కనబడుట, చిత్తిరైలో విద్యుత్తు కోత, ఇవి భూమి లేనివాని గుమ్మము తట్టవా? భూమి లేకున్నను ప్రతివానికి ఒక ఊరున్నది. ఊరికి ఒక వానయున్నది.

చివరి ఆక్షేపణ భయమునుండి పుట్టినది. "ఉన్న ఊరిని ఇంతగా పట్టుకొన్నచో మన పిల్లలు తమిళులో, కన్నడిగులో, మరాఠీలో అయిపోవుదురు, తెలుగు మిగులదు" అని పెద్దలు కొందఱు వణకుచున్నారు. వారి భయము మాకును కలదు. కాని దాని కారణమును వారు తలక్రిందులుగా చూచుచున్నారు. మాట ఎప్పుడు చచ్చును? దానితో పని లేనప్పుడు చచ్చును. ముసురు, జల్లు, తుంపర, జడి, వరపు, పదును, అదను, తొలకరి, ఇవన్నియు మన అవ్వల నోట ఆడిన మాటలు. నేడు మన యింటి పిల్లవాడు వీనికన్నిటికి కలిపి ఒక్క ఇంగ్లీషు మాట వాడుచున్నాడు. తమిళము వచ్చి వానిని త్రోసివేయలేదు. పిల్లవానికి కిటికీ తెఱచి, "అది ముసురు, ఇది జల్లు" అని చూపినవారు లేకపోయిరి. వేదికపై పద్యము వల్లించిన బిడ్డ వేదిక దిగి మఱచును. మేఘమును చూచి దాని పేరు నేర్చిన బిడ్డకు మేఘము వచ్చినప్పుడెల్ల పాఠము తనంతట తానే గుర్తునకు వచ్చును. ఏడాదికొకమాఱు జరుగు ఉత్సవముకంటె, ఏడాదియంతయు తలపై నుండు ఆకాశము పెద్ద గురువు.

కేవలము నిందించి విరమించుట మా ఉద్దేశము కాదు. సంఘముల పెద్దలకు నాలుగు మనవులు చేయుచున్నాము. ప్రథమము, వచ్చు ఉగాదికి దూరపు ఊరి క్యాలెండరును పంచుట మానుడు. మీ ఊరి సూర్యోదయమునకు గణింపించి, ఇరువదియేడు కార్తెలను, వాని ప్రక్కన స్థానిక మాసములను, ఆ దినములలో మీ ఊరి వాన, గాలి, పంట, పూత, పండ్లను చూపు పట్టికను తెలుగున అచ్చువేయుడు. ద్వితీయము, ప్రతి యింటను ఒక బిడ్డచేత వానలెక్క వ్రాయింపుడు. నిలువుగోడల గాజుసీసా యొకటి, కొలబద్ద యొకటి, నోటుపుస్తకమొకటి చాలును. ఖర్చు స్వల్పము, ఫలము గొప్పది. తృతీయము, ఊరిలో బ్రదికియున్న వృద్ధులయొద్దకు పోయి, నేలకు, నీటికి, చెట్లకు, పురుగులకు వారు వాడు తెలుగు మాటలను వ్రాసికొనుడు. తెలుగుదేశపు నిఘంటువులలో లేని మాటలు మన వలస తెలుగులో ఉన్నవి. అవి వారితో కూడ పోవుచున్నవి. చతుర్థము, ప్రతి సంఘము తన ఊరి చెఱువునో, కాలువనో, తోపునో ఒక్కదానిని తనదిగా స్వీకరించి, పొరుగువారితో కలిసి ఏటేట వానకుముందు బాగుచేయవలెను. తమిళనాటివారు హస్త కార్తెకు ముందును, ఇతరులు మృగశిరకు ముందును ఆ పని ముగింపవలెను.

ఈ నాలుగింటిలో దేనికిని ప్రభుత్వానుమతి అక్కఱ లేదు. మంత్రిని పిలిచి శాలువ కప్పవలసిన పని లేదు. కావలసినది ఒక్క మనోనిశ్చయము. మనము ఇచ్చటివారమని ఒప్పుకొనుట. అట్లు ఒప్పుకొన్ననాడు వక్తల నోట "పరదేశము" అను మాట తనంతట తానే జాఱిపోవును. మన భాష తెలుగు. మన ఊరు ఇది. మన వాన ఈ ఊరి వాన. ఈ మూడును ఒకదానికొకటి విరోధములని ఎవరు చెప్పినను నమ్మకుడని, పాఠకమహాశయులకు వినయముతోను, నిర్భయముగాను విన్నవించుకొనుచున్నాము.